రాని మెయిల్ మీద ఫిర్యాదు రాదు: ఒక స్పామ్ ఫిల్టర్ కేస్ స్టడీ

ఒకావిడ చేసిన ఫోన్ మొదట మా సంస్థలో ఫెలోషిప్ దరఖాస్తులు చూసే విభాగానికి వెళ్లింది. వాళ్లు చెక్ చేసి, తమకేమీ రాలేదని చెప్పి, మెయిల్ సర్వర్ చూసుకునే నాకు కాల్ మళ్లించారు.

"సార్, గడువుకి నాలుగు రోజుల ముందే పంపానండీ. మీ సర్వర్ తీసుకున్నట్టు నా లాగ్‌లో కూడా ఉంది. ఒక్కసారి చూసి చెబుతారా?" అని అడిగిందావిడ.

గొంతులో కోపమేమీ లేదు. కానీ "నా లాగ్‌లో ఉంది" అన్న మాట వినగానే నాకు గుబులు పుట్టింది. లాగ్ అంటే సర్వర్ తన పనంతా రాసుకునే చిట్టా. మామూలుగా దరఖాస్తు పంపేవాళ్ల దగ్గర అది ఉండదు. ఈవిడ సొంత డొమైన్ కొనుక్కుని, ఒక వర్చువల్ సర్వర్ అద్దెకి తీసుకుని, మెయిల్ సర్వర్ తనే పెట్టుకుంది. తేదీ, టైమ్ సెకండ్లతో సహా చెప్పింది. మా సర్వర్ "250 ఓకే" అన్నదట. మెయిల్ భాషలో 250 అంటే "అందింది, ఇక నా బాధ్యత" అని అర్థం.

మా లాగ్ తెరిచాను. అదే సెకండ్‌కి ఆవిడ మెయిల్ ఉంది. స్పామ్ స్కోర్ 13.5. పక్కన ఒకే మాట: డిస్కార్డ్. అంటే మా సర్వర్ ఆవిడకి అందిందని చెప్పి, మెయిల్‌ని చెత్తలో పడేసింది. స్పామ్ ఫోల్డర్‌లోకి కూడా వెళ్లలేదు. ఆవిడకి బౌన్స్, అంటే మెయిల్ చేరలేదన్న తిరుగు కబురు, వెళ్లలేదు, మావాళ్లకి మెయిల్ రాలేదు. ఆ రూల్ రాసింది నేనే.

ఆ రూల్ ఎందుకు రాశానో, ఎక్కడ తప్పింది, ఏం మార్చాం, మార్చాక ఏం బెడిసికొట్టింది అన్నదే ఈ కేస్. ఇలాంటి సర్వర్ చూసుకునేవాళ్లకి కొంచెమైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ఇక్కడిదాకా ఎలా వచ్చాం

మాది సుమారు 300 మెయిల్‌బాక్సులున్న సంస్థ. పోస్ట్‌ఫిక్స్ మెయిల్ తీసుకుంటుంది, ఆర్‌స్పామ్‌డీ స్కోర్ వేస్తుంది. ఆర్‌స్పామ్‌డీ ఇన్‌స్టాల్ చేయగానే ఉండే అంకెలు ఇవి: స్కోర్ 4 దాటితే గ్రేలిస్ట్ (కాసేపాగి మళ్లీ రమ్మనడం), 6 దాటితే స్పామ్ అని హెడర్‌లో గుర్తు, 15 దాటితే రిజెక్ట్ (తీసుకోమని చెప్పేయడం). మొదట్లో మేమూ అలాగే వదిలేశాం.

తర్వాత ఒక ఫిషింగ్ దెబ్బ తగిలింది. మా లాగిన్ పేజీలాగే ఉన్న ఒక పేజీలో అకౌంట్స్ విభాగం ఉద్యోగి ఒకరు పాస్‌వర్డ్ కొట్టారు. తెల్లారేసరికి ఆ ఖాతా నుంచి వేల మెయిల్స్ బయటికెళ్లాయి, మా సర్వర్ ఐపీ అడ్రస్ బ్లాక్‌లిస్టుల్లోకి, అంటే స్పామ్ పంపేవాళ్ల జాబితాల్లోకి ఎక్కింది. మూడు రోజులు మేం రాసిన మెయిల్స్ ఎవరికీ చేరలేదు. ఆ మూడు రోజుల్లో నేను తిన్న చీవాట్లు ఇక్కడ రాయను. ఎవరో తలుపు మొహాన వేస్తే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. తెలిసి కూడా ఆ తర్వాత చేసింది మాత్రం మా తలుపు ఇంకా గట్టిగా బిగించడమే.

15ని 12కి దించాను. రిజెక్ట్ తీసేసి డిస్కార్డ్ పెట్టాను. రిజెక్ట్ చేస్తే స్పామర్‌కి మన అడ్రస్ బతికే ఉందని తెలుస్తుందని ఎవరో చెప్పిన మాట నమ్మాను. నిజానికి వాళ్లలో ఎక్కువమందికి జవాబు చదివే ఓపికే ఉండదు. కొత్త డొమైన్ల మీద స్కోర్ పెంచాను. స్పామ్ ఎక్కువగా వచ్చే కొన్ని చవక డొమైన్ ఎక్స్‌టెన్షన్ల (పేరులో చివరి చుక్క తర్వాత ముక్క) మీద ఇంకొంత వేశాను. ఒక రాత్రి ఒకే హోస్టింగ్ సంస్థ నుంచి స్పామ్ వరదలా వస్తుంటే, వాళ్ల 256 ఐపీ అడ్రస్‌ల బ్లాక్ మొత్తాన్ని మేం సొంతంగా రాసుకునే లోకల్ బ్లాక్‌లిస్టులో వేసి పడుకున్నాను.

విడివిడిగా చూస్తే ఏ మార్పూ తెలివితక్కువది కాదు. ప్రతిదాని వెనకా ఒక ఫిర్యాదు ఉంది. చిక్కు ఏమిటంటే ఫిర్యాదులు ఒకవైపు నుంచే వస్తాయి. ఇన్‌బాక్స్‌లో చెత్త పడితే గంటలో నాకు ఫోన్ వస్తుంది. రావాల్సిన మెయిల్ రాకపోతే ఎవరు చేస్తారు? పంపినవాళ్లేమో అందింది, జవాబివ్వడం ఇష్టం లేదు అనుకుంటారు. అందుకోవాల్సినవాళ్లకి అసలు అలాంటి మెయిల్ ఒకటి ఉందనే తెలియదు. ఒక్క వైపే తిరిగే స్క్రూ అది. రెండేళ్లపాటు ఆ ఒక్క వైపే తిప్పాను.

13.5ని విప్పి చూస్తే

ఆవిడ మెయిల్ కింద పడ్డ మార్కులు ఇవి. డొమైన్ కొత్తది, రిజిస్టర్ చేసి వారమే అయింది: 4. చవక ఎక్స్‌టెన్షన్: 2. ఐపీ నుంచి పేరుకి వెనక్కి వెతికితే సరైన పేరు రాలేదు, అంటే పీటీఆర్ రికార్డ్ సరిగా లేదు: 1.5. మా లోకల్ లిస్టులో ఉన్న ఐపీ బ్లాక్: 5. రెండు లైన్ల మెయిల్, కింద అటాచ్‌మెంట్: 1. మొత్తం 13.5. ఆర్‌స్పామ్‌డీ అసలు అంకెలే ఉంచి ఉంటే ఇది 15 లోపే, స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉండేది. అక్కడైతే కనీసం వెతుక్కోవచ్చు.

ఆ అయిదు లైన్లని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. చివరి ఒక్క మార్కు తప్ప, ఆవిడ ఏం రాసిందన్న దాని గురించి అందులో ఏమీ లేదు. మాటలు చూసి తేల్చే బేయస్ ఫిల్టర్ అయితే అటూ ఇటూ తేల్చకుండా సున్నా వేసింది. మిగతా నాలుగూ చెబుతున్నది ఒకటే: ఈ మనిషి కొత్త.

కొత్తగా మెయిల్ సర్వర్ పెట్టుకునే మనిషి డొమైన్ ఈమధ్యే కొంటుంది. చవకగా వచ్చే ఎక్స్‌టెన్షన్ తీసుకుంటుంది. సర్వర్ అద్దెకి తీసుకుంటుంది కాబట్టి పొరుగున ఎవరున్నారో ఆవిడ చేతిలో లేదు. పీటీఆర్ రికార్డ్ డొమైన్ అమ్మినవాళ్ల దగ్గర కాదు, ఐపీ ఇచ్చినవాళ్ల దగ్గర పెట్టించుకోవాలన్న సంగతి ఎవరో చెప్పేదాకా తెలియదు, నాకూ మొదట తెలియలేదు. ఇవి నాలుగు వేర్వేరు నేరాలు కావు. ఒకే సంగతిని నాలుగుసార్లు లెక్కపెట్టి, నలుగురు సాక్షులు వచ్చారని మా ఫిల్టర్ నమ్మింది. నలుగురూ ఒకే మనిషి చెప్పింది విని వచ్చినవాళ్లయితే అది ఒక్క సాక్ష్యమే కదా. స్కోర్లు కూడుకుంటూ పోయే ఏ ఫిల్టర్‌లోనైనా ఈ రోగం ఉంటుంది. ఇన్నేళ్లలో నేను ఆ కూడిక వైపు చూడలేదు, ఒక్కో రూల్ వైపే చూశాను.

లోకల్ లిస్టులో ఆ బ్లాక్ ఎదురుగా తేదీ లేదు, కారణం లేదు. పాత కాన్ఫిగ్ కాపీలు తవ్వితే అది పద్నాలుగు నెలల కిందటి ఎంట్రీ అని తేలింది. ఆ స్పామర్ ఆ రాత్రే అక్కడి నుంచి వెళ్లిపోయాడు. ఖాళీ అయిన అడ్రస్‌లు చేతులు మారి, ఒకటి ఈవిడకి వచ్చింది. ఎవరో ఎగ్గొట్టిన బాకీకి ఆ ఇంట్లో కొత్తగా దిగినవాళ్లని పట్టుకున్నట్టుంది మా పని.

ఇలాంటివాళ్లు ఎంతమంది?

డిస్కార్డ్ చేసిన మెయిల్స్ మా దగ్గర ఉండవు. కానీ పంపిన అడ్రస్, అందుకోవాల్సిన అడ్రస్, సబ్జెక్ట్, స్కోర్ 30 రోజులపాటు లాగ్‌లో ఉంటాయి. రెండు సాయంత్రాలు వాటితో కూర్చున్నాను. వేల లైన్లు ఒక్కొక్కటీ చదవడం అయ్యే పని కాదు కాబట్టి కొన్ని ఆనవాళ్లు పెట్టుకున్నాను. ఒకే ఒక్క మనిషికి రాసినవి. అంతకుముందు మావాళ్లెవరైనా ఆ డొమైన్‌కి మెయిల్ రాసి ఉన్నవి. కొన్ని రోజుల తేడాతో అదే మనిషి మళ్లీ రాసినవి.

ఈ మూడో ఆనవాలే గుండె కలుక్కుమనిపించింది. ఒకే అడ్రస్ నుంచి మూడు లైన్లు. మొదటి సబ్జెక్ట్ ఒక పరిశోధన ప్రతిపాదన. వారం తర్వాత, "నా మునుపటి మెయిల్ అందిందా?" ఇంకో అయిదు రోజులకి, "ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి." మూడింటికీ మా సర్వర్ 250 చెప్పింది. మూడూ పడేసింది. ఆయన ఎదురుగా కూర్చుని ఒక గోడతో మాట్లాడాడు.

మొత్తం 11 మంది తేలారు, ఫోన్ చేసినావిడతో కలిపి. మీటింగ్‌లో ఈ అంకె చెబితే మా పైఅధికారి, "నెలకి పదకొండేగా?" అన్నారు. ఆయన తప్పుగా అనలేదు. మొత్తం మెయిల్‌తో పోలిస్తే అది లెక్కలోకి రాదు. ఫిల్టర్లు అమ్మేవాళ్లు చెప్పే తప్పుల శాతాలు కూడా అలాగే చిన్నగా కనిపిస్తాయి. చూడాల్సింది కింద ఏ అంకెతో భాగిస్తున్నారని. ఊరికే ఉదాహరణకి, వెయ్యి మంచి మెయిల్స్‌లో 980 మనకి ముందే తెలిసినవాళ్లవి, 20 మొదటిసారి రాస్తున్నవాళ్లవి అనుకోండి. ఫిల్టర్ 5 మంచి మెయిల్స్ పోగొట్టింది. వెయ్యిలో 5 అంటే అర శాతం, భేష్ అంటారు. కానీ ఆ అయిదూ తెలిసినవాళ్లవి కాదు, ఆ 20లోవి. కొత్తవాళ్ల వైపు నుంచి చూస్తే నలుగురిలో ఒకరు పోయినట్టు. మాలాంటి సంస్థకి దరఖాస్తులన్నీ కొత్తవాళ్ల నుంచే వస్తాయి.

మెయిల్ అనేదాన్ని మొదట కట్టిందే ముక్కూమొహం తెలియనివాళ్లు రాసుకోవడానికి. సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే పద్ధతి ఎస్‌ఎమ్‌టీపీ. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఆ ప్రమాణంలో పరిచయం అడిగే చోటే లేదు. అలాగని అప్పటికి లోకం అమాయకంగా ఉందనీ కాదు. 1978 మేలోనే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ మార్కెటింగ్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ ఇంటర్నెట్‌కి ముందుతరమైన అర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపి తిట్లు తిన్నాడు. తెరిచిన తలుపూ, దాన్ని వాడుకునేవాడూ మొదటినుంచీ కలిసే ఉన్నారు.

ఏం మార్చాం

మొట్టమొదట డిస్కార్డ్ తీసేశాను. దీని మీద నాకు ఇప్పుడు రెండో ఆలోచన లేదు. తీసుకుంటే చేర్చాలి, తీసుకోకపోతే మొహం మీదే చెప్పాలి. ఎస్‌ఎమ్‌టీపీ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5321 కూడా చెప్పేది అదే: 250 అన్నాక బాధ్యత తీసుకున్నవాడిది. ఇక్కడ చాలామంది చేసే ఇంకో పొరపాటు ఉంది. ముందు 250 చెప్పి, తర్వాత స్కాన్ చేసి, స్పామ్ అయితే బౌన్స్ పంపడం. స్పామ్‌లో పంపినవాడి అడ్రస్ దొంగది కాబట్టి ఆ బౌన్స్ ఏ సంబంధం లేని మనిషి నెత్తిన పడుతుంది. స్కానింగ్ అంతా మెయిల్ లోపలికి వస్తుండగానే, 250 చెప్పకముందే అయిపోవాలి. అప్పుడు 5తో మొదలయ్యే కోడ్, అంటే "తీసుకోం" అని చెబితే, నిజమైన సర్వర్ అయితే తన యజమానికి తనే బౌన్స్ రాసుకుంటుంది. స్పామ్ బాట్ అయితే పట్టించుకోకుండా పోతుంది. అబద్ధపు అడ్రస్‌లకి మన నుంచి ఏమీ వెళ్లదు.

ఆ కోడ్ పక్కన రాసే వాక్యం మీద మాత్రం మేం నిజంగా గొడవపడ్డాం. పాతది "554 5.7.1 మెసేజ్ రిజెక్టెడ్" అని అంతే. ఎందుకో తెలియదు, ఎవరిని అడగాలో తెలియదు. ఏ రూల్‌కి ఎన్ని మార్కులు పడ్డాయో కూడా రాద్దామని మా జూనియర్ అన్నాడు. వద్దన్నాను. అది స్పామర్‌కి ట్యూషన్ చెప్పడమే. చివరికి మేం రాసింది ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు: మీ మెయిల్ మా ఫిల్టర్ ఆపింది, మీరు మనిషైతే ఈ అడ్రస్‌కి రాయండి. ఆ అడ్రస్ పోస్ట్‌మాస్టర్. ప్రతి మెయిల్ డొమైన్‌లోనూ పోస్ట్‌మాస్టర్ అనే అడ్రస్ పనిచేయాలని ప్రమాణంలోనే ఉంది. మాది ఉండేది కానీ దానికీ అవే ఫిల్టర్లు. అంటే మా ఫిల్టర్ మీద ఫిర్యాదు చేయాలంటే ముందు మా ఫిల్టర్ దాటాలి! ఇప్పుడు ఆ ఒక్క అడ్రస్‌కి వైరస్ స్కాన్ తప్ప స్కోర్ లెక్క లేదు.

రెండోది ఆ నలుగురు సాక్షుల సంగతి. ఆర్‌స్పామ్‌డీలో రూల్స్‌ని గ్రూపుగా కట్టి గ్రూపుకి గరిష్ఠ స్కోర్ పెట్టొచ్చు. కొత్త డొమైన్, ఎక్స్‌టెన్షన్, పీటీఆర్ లాంటి "కొత్తదనం" రూల్స్ అన్నీ ఒక గ్రూపులో వేసి, ఎన్ని తగిలినా 4 దాటకుండా కట్టేశాను. పది నిమిషాల పని. ఈ కేస్‌లో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది కూడా ఇదే అనుకుంటాను. రిజెక్ట్ మళ్లీ 15కి పెంచాను.

మూడోది ఆలస్యం. కొత్తవాళ్లని కాదనే బదులు కాసేపు ఆగమనడం. 2003లో ఎవాన్ హారిస్ గ్రేలిస్టింగ్ అనే పద్ధతి రాశాడు. ఐపీ, పంపినవాడి అడ్రస్, అందుకునేవాడి అడ్రస్, ఈ మూడూ కలిసి ముందెప్పుడూ చూడనివైతే 4తో మొదలయ్యే కోడ్ చెప్పాలి, అంటే "ఇప్పుడు కాదు, మళ్లీ రా". నిజమైన మెయిల్ సర్వర్ క్యూలో పెట్టుకుని మళ్లీ వస్తుంది. అప్పటి స్పామ్ ప్రోగ్రామ్‌లు మళ్లీ వచ్చేవి కావు. ఇప్పుడు చాలా వస్తాయి, ఆ లాభం తగ్గింది. అయినా ఆ కాస్త ఆలస్యంలో బ్లాక్‌లిస్టులు కొత్త స్పామ్ వరదని పసిగట్టేస్తాయి, రెండోసారి వచ్చేసరికి దొరికిపోతుంది.

గ్రేలిస్టింగ్‌ని అందరి మీదా పెడితే మాత్రం జనం మీదపడతారు. ఓటీపీ మెయిల్ పది నిమిషాలు ఆలస్యమైతే దాన్ని చూసుకుని మురిసిపోవడం తప్ప ఇంకెందుకూ పనికిరాదు. రెండోసారి ఎప్పుడు రావాలో నిర్ణయించేది అవతలి సర్వర్, మనం కాదు. కనీసం 30 నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించమని ఆర్‌ఎఫ్‌సీ 5321 సలహా. పెద్ద మెయిల్ సంస్థలైతే మొదటిసారి ఒక ఐపీ నుంచి, రెండోసారి ఇంకో ఐపీ నుంచి వస్తాయి, కాబట్టి మూడు అంశాలూ అచ్చుగుద్దినట్టు కలవాలంటే ఎప్పటికీ కలవవు. ఐపీని ఒక్కటిగా కాక పొరుగు గుంపుతో కలిపి చూడాలి. మేం 4 నుంచి పైకి అనుమానపు స్కోర్ వచ్చినవాటికే గ్రేలిస్ట్ ఉంచాం. తెలిసినవాళ్లకి దాని గాలి కూడా తగలదు.

నాకు అన్నిటికన్నా నచ్చే పరీక్ష పోస్ట్‌ఫిక్స్‌లోని పోస్ట్‌స్క్రీన్ చేసేది. అవతలివాడు కనెక్ట్ కాగానే మన సర్వర్ పలకరింపులో మొదటి లైన్ మాత్రం పంపి, ఆరు సెకండ్లు ఊరుకుంటుంది. పలకరింపు పూర్తయ్యేదాకా అవతలివాడు నోరు తెరవకూడదు, అది ఎస్‌ఎమ్‌టీపీ మర్యాద. తొందరలో ఉన్న బాట్‌కి ఆ ఓపిక ఉండదు, మధ్యలోనే మొదలుపెట్టేస్తుంది. అక్కడే పట్టుబడుతుంది. ఇందులో ఎంత కొత్తవాడివి, ఏ ఇంట్లో ఉంటున్నావు అన్న ప్రశ్నే లేదు. ఎలా నడుచుకున్నావు అన్నదే. నిన్ననే సర్వర్ పెట్టుకున్న మనిషి కూడా ఇందులో ఫెయిల్ అవ్వదు. పరీక్షలు పెట్టుకునేటప్పుడు ఇలాంటివి ముందు పెట్టుకోవాలని నా అభిప్రాయం.

బ్లాక్‌లిస్టుల గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే మేం ఇందులోనూ ఒకసారి బోర్లా పడ్డాం.

చాలా బ్లాక్‌లిస్టులని డీఎన్ఎస్ ద్వారా, అంటే డొమైన్ పేర్లకి అడ్రస్‌లు వెతికిపెట్టే వ్యవస్థ ద్వారా అడుగుతాం. అడగడం చాలా తేలిక. 192.0.2.25 గురించి తెలియాలంటే దాన్ని వెనక్కి తిప్పి, 25.2.0.192 అని రాసి, వెనక లిస్ట్ డొమైన్ పేరు తగిలించి డీఎన్ఎస్‌లో వెతకాలి. జవాబు రాకపోతే లిస్టులో లేనట్టు. 127తో మొదలయ్యే జవాబు వస్తే ఉన్నట్టు. కానీ ఏ జవాబు అన్నది ముఖ్యం. బ్లాక్‌లిస్టులు నడిపే స్పామ్‌హౌస్ సంస్థ తన లిస్టులన్నీ కలిపి ఇచ్చే జెన్ లిస్టులో 127.0.0.2 అంటే స్పామ్ పంపుతున్నాడని తేలిన అడ్రస్. 127.0.0.4 అంటే వైరస్ పట్టో, ఎవరో దొంగతనంగా వాడుకుంటూనో ఉన్న కంప్యూటర్. 127.0.0.10, 11 వస్తే అది పాలసీ లిస్ట్: ఈ అడ్రస్‌లు ఇళ్లలో వాడే కనెక్షన్లవి, నేరుగా వేరే సర్వర్లకి మెయిల్ పంపాల్సినవి కావు అని. చివరిదాంట్లో తప్పు చేశాడన్న మాటే లేదు. మేం మూడింటికీ ఒకే మార్కు వేసేవాళ్లం.

ఇక బోర్లా పడిన సంగతి. సర్వర్ మార్చినప్పుడు తొందరలో దాని డీఎన్ఎస్‌ని ఒక పబ్లిక్ రిజాల్వర్‌కి, అంటే అందరూ వాడుకునే డీఎన్ఎస్ సర్వర్‌కి తిప్పాను. పబ్లిక్ రిజాల్వర్ల ద్వారా అడిగితే స్పామ్‌హౌస్ జవాబివ్వదు, 127.255.255.254 అని ఎర్రర్ కోడ్ ఇస్తుంది. నేను చేత్తో రాసుకున్న రూల్ ఏ జవాబు వచ్చినా "లిస్టులో ఉన్నాడు" అనుకునేది. అంతే, లోకంలో అందరూ స్పామర్లే అయ్యారు. అరగంటలో పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. పట్టుకున్నదెలా అంటే, బాస్ తనకి తాను జీమెయిల్ నుంచి పంపుకున్న ఫైల్ రాలేదు. కొత్తవాళ్ల మెయిల్స్ మాత్రమే పోయి ఉంటే ఎన్నాళ్లకి తెలిసేదో.

లిస్టులు చచ్చిపోతాయి కూడా. ఓఆర్‌డీబీ అనే లిస్ట్ 2006 డిసెంబర్‌లో మూతపడింది. అయినా చాలా సర్వర్లు దాన్ని అడుగుతూనే ఉన్నాయి. 2008 మార్చిలో అది అడిగిన ప్రతి అడ్రస్‌కీ "లిస్టులో ఉంది" అని చెప్పడం మొదలుపెట్టింది. దాన్ని కాన్ఫిగ్‌లోంచి తీసేయడం మర్చిపోయిన సర్వర్లన్నీ ఉన్నట్టుండి మెయిల్ అంతా తిప్పికొట్టాయి. అందుకే మా కాన్ఫిగ్‌లో ఇప్పుడు ప్రతి లిస్ట్ పక్కనా దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశామో తేదీ ఉంటుంది. మా లోకల్ లిస్టులో అయితే ప్రతి ఎంట్రీకి కారణం, గడువు తప్పనిసరి. పద్నాలుగు రోజులకి అదే పోతుంది. స్పామ్ మళ్లీ వస్తే మళ్లీ వేసుకోవచ్చు.

ఎస్‌పీఎఫ్ (ఈ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్ మీద డొమైన్ పెట్టే డిజిటల్ సంతకం), డీమార్క్ (ఇవి సరిపోకపోతే ఏం చేయాలో డొమైన్ చెప్పే మాట) మీద రెండు మాటలు. చాలామంది వీటిని మంచితనానికి సర్టిఫికెట్ అనుకుంటారు. ఇవి చెప్పేది ఈ మెయిల్ ఫలానా డొమైన్ నుంచే వచ్చిందని, అంతవరకే. స్పామర్లూ చక్కగా సంతకం పెట్టి పంపుతారు. సంతకం ఉంటే ఆ పేరు మీద చరిత్ర రాసుకోవచ్చు, అదీ అసలు ఉపయోగం. మావాళ్లు ఎవరికైనా మెయిల్ రాస్తే ఆ అడ్రస్ నుంచి వచ్చే జవాబుకి స్కోర్ తగ్గించాం, కానీ సంతకం సరిపోతేనే. లేకపోతే ఆ పేరు పెట్టుకుని ఎవరైనా దూరిపోతారు.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ కూడా నియమాలు గట్టిచేశాయి. జీమెయిల్‌కి రోజుకి 5000కి మించి పంపేవాళ్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం చేరకూడదు. నియమాలు మంచివే. కానీ పెద్దగా పంపేవాళ్లకి పేరు తెచ్చుకునే దారి ఉంది: రోజుకి కొంచెం కొంచెం పెంచుకుంటూ ఐపీని అలవాటు చేస్తారు. వారానికి మూడు మెయిల్స్ రాసే మనిషికి ఆ దారి లేదు. ఆమె ఎన్నేళ్లు బుద్ధిగా ఉన్నా ఆ పెద్ద యంత్రాల లెక్కలో ఆమె ఎప్పటికీ కొత్తే. మా అంత చిన్న సర్వర్లలోనైనా ఆమెకి చోటు లేకపోతే ఇక ఎక్కడుంటుంది?

చివరి మార్పు ఒక ఫోల్డర్. దరఖాస్తుల అడ్రస్‌కి మొదటిసారి రాసినవాళ్లవి, స్కోర్ 4కీ 15కీ మధ్య ఉన్నవి, "కొత్తవాళ్లు" అనే ఫోల్డర్‌లోకి వెళ్తాయి. ఆ విభాగంలో ఒకరు రోజూ పొద్దున చూస్తారు. స్పామ్ ఫోల్డర్ అని పేరు పెడితే ఎవరూ తెరవరని అనుభవం. పేరు మార్చగానే తెరుస్తున్నారు.

బెడిసికొట్టినవి

స్పామ్ పెరిగింది, అందులో దాపరికం లేదు. మొదటి వారం నాకు వచ్చిన ఫోన్లు అంతకుముందు రెండు నెలల్లో రాలేదు. "ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు, అన్నీ మూసేయక ఈ ప్రయోగాలేమిటి?" అని ఒక సీనియర్ మీటింగ్‌లో అడిగారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోలేం కదండీ అన్నాను. ఆయన నవ్వలేదు.

మూడో వారంలో కొత్తవాళ్ల ఫోల్డర్‌లోకి ఒక ఫిషింగ్ మెయిల్ వచ్చింది. దరఖాస్తు అని సబ్జెక్ట్, అటాచ్‌మెంట్‌గా ఒక హెచ్‌టీఎమ్ఎల్ ఫైల్. తెరిస్తే లాగిన్ పేజీ. చూసినామె తెరవకుండా నాకు పంపింది కాబట్టి బతికాం, ఫిల్టర్ వల్ల కాదు. ఆ రోజే ఆ ఫోల్డర్‌కి వచ్చే హెచ్‌టీఎమ్ఎల్ అటాచ్‌మెంట్లు, మాక్రోలున్న ఫైళ్లు, పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లు నేరుగా రిజెక్ట్ చేసేలా పెట్టాను. మనిషి కొత్తవాడైనా పర్వాలేదు, కానీ కొత్తవాడి చేతిలో అలాంటి సంచి ఉంటే తీసుకోనక్కర్లేదు. ఇది ముందే చేసి ఉండాల్సింది.

నాలుగు రోజులపాటు ఇంకో ఐడియా కూడా నడిపాం: కొత్తవాళ్లకి "మీరు మనిషేనా, ఈ లింక్ నొక్కండి" అని తిరుగు మెయిల్. పైన బౌన్స్ గురించి నేనే అన్నది నేనే మర్చిపోయాను. ఆ ప్రశ్నల్లో ఎక్కువ భాగం దొంగ అడ్రస్‌ల అసలు యజమానులకి వెళ్లి, వాళ్లు మమ్మల్ని స్పామ్ అని కొట్టారు. తీసేశాం.

ఖర్చు కూడా ఉంది. సోమవారం పొద్దున నేను వారం రిజెక్ట్‌ల జాబితా తీసి, ఆ మూడు ఆనవాళ్లతో వడకట్టి, మిగిలినవి కళ్లతో చూస్తాను. పోస్ట్‌మాస్టర్ అడ్రస్‌కి వచ్చే చెత్తలోంచి నిజమైన మాటలు ఏరుతాను. ఇరవై నిమిషాలు ఒక్కోసారి గంట అవుతుంది. దీన్ని ఆటోమేట్ చేయమని అడుగుతున్నారు. ఇప్పటికైతే ఇష్టం లేదు.

అన్నీ కుదిరాక ఫోన్ చేసినావిడని అదే మెయిల్ మళ్లీ పంపమన్నాను. పీటీఆర్ సరిచేయకుండా, ఏమీ మార్చకుండా. కొత్తదనం గ్రూపు 7.5 అయ్యేది 4 దగ్గర ఆగింది, లోకల్ లిస్టులో ఎంట్రీ లేదు, రెండు లైన్ల మెయిల్‌కి 1. మొత్తం 5. ముందు "మళ్లీ రా" అన్నాం, పదకొండు నిమిషాలకి మళ్లీ వచ్చింది, కొత్తవాళ్ల ఫోల్డర్‌లో పడింది. ఆవిడ పాత లాగ్ చూపించింది కాబట్టి విభాగం వాళ్లు దరఖాస్తుని గడువులోపు వచ్చినట్టే తీసుకున్నారు. పీటీఆర్ ఎక్కడ పెట్టించాలో కూడా చెప్పాను, ఆ సాయంత్రమే చేసుకుంది.

మిగతా పదిమందికి నేనే రాశాను. మీ మెయిల్ మా పొరపాటు వల్ల పోయింది, వీలైతే మళ్లీ పంపండి అని. నలుగురు జవాబిచ్చారు. అయిదుగురి నుంచి ఏమీ రాలేదు. పదో మెయిల్, మూడుసార్లు రాసి క్షమాపణ కూడా చెప్పుకున్నాయనకి పంపింది, నిమిషంలో వెనక్కి తిరిగొచ్చింది. ఆయన వైపు సర్వర్ మమ్మల్ని ముందెప్పుడూ చూడలేదు. 554 5.7.1, మెసేజ్ రిజెక్టెడ్. కారణం లేదు, ఎవరిని అడగాలో లేదు. అక్కడి పోస్ట్‌మాస్టర్‌కి రాస్తే అదీ తిరిగొచ్చింది. ఆయన పనిచేసే చోటి వెబ్‌సైట్‌లో ఒక ఫోన్ నంబర్ దొరికింది. చేసి, "సార్, మీకు ఒక మెయిల్ పంపానండీ, అందలేదనుకుంటా" అని మొదలుపెట్టాను.